వండర్‌స్టోన్ పలక: అద్దం మెరుపు అడిగితే వచ్చిన చిక్కు

“మెరుపు అద్దంలా రావాలండీ. మొహం కనపడాలి.”

గుడ్డలో చుట్టి తెచ్చిన రెండు రాతి పలకల్ని, నేను రాళ్లు కోసి పాలిష్ పెట్టే బల్ల మీద పెడుతూ ఆవిడ అన్న మొదటి మాట ఇది. ఎన్నో ఏళ్లుగా రాళ్లు సేకరిస్తున్న మనిషి. పలకని పట్టుకునే తీరులోనే ఆ సంగతి తెలిసిపోతుంది. అంచులు పట్టుకుంటారే తప్ప రాయి మొహం మీద వేలు పెట్టరు.

రెండూ ఒకే బండ నుంచి పక్కపక్కన కోసిన పలకలు. మందం 7 మి.మీ., పొడవు 18 సెం.మీ., వెడల్పు 12 సెం.మీ. దాకా ఉంటాయి. వాటితో పాటు అదే బండ చివరి తునక ఒకటి తెచ్చారు. మీగడ రంగు నేల మీద పసుపు, ఇటుక ఎరుపు, ముదురు గోధుమ చారలు. ఒక మూల మాత్రం ఆ చారలే చెట్టు మొద్దుని అడ్డంగా కోసినట్టు వలయాలు తిరిగి ఉన్నాయి. ఇలాంటి పలక చూస్తే ఎవరి చెయ్యయినా దురద పెడుతుంది.

ఆవిడ కోరిక సూటిగా ఉంది. ఒక పలకని ముక్క చెయ్యకుండా ఒక వైపు పాలిష్ పెట్టి, షోకేస్‌లో నిలబెట్టేలా ఇవ్వాలి. రెండో దాంట్లోంచి 40×30 మి.మీ. సైజులో నాలుగు కాబోషాన్లు (కింద చదునుగా, పైన ఉబ్బుగా ఉండే నగ రాళ్లు, మేం కాబ్ అంటాం) తీయాలి, లాకెట్లలోకి. పొట్లం మీద అంటించిన చీటీలో “పిక్చర్ జాస్పర్” అని ఉంది.

ఆ చీటీని నేను నమ్మాను. ఈ కేసులో జరిగిన తప్పులన్నీ అక్కణ్ణుంచే మొదలయ్యాయి.

మొదటి పలక ఎలా పోయింది

జాస్పర్ గట్టి రాయి, నా చేతికి బాగా అలవాటైనది. అలవాటు ప్రకారమే పోయాను. ఇత్తడి పుల్లతో అండాకారాలు గీసి, మినరల్ ఆయిల్ పోసి ఉన్న చిన్న రంపం మీద మొదటి రెండు ముక్కలు కోశాను. రంపం చాలా సులువుగా దిగింది. జాస్పర్ అయితే బ్లేడు కాస్త మొరాయించాలి, ఈ మాత్రం బిగువు కూడా లేదేంటని ఒక్క క్షణం అనిపించింది. అనిపించినా ఆగలేదు.

80 గ్రిట్ వీల్ (అంకె పెరిగే కొద్దీ గరుకు సన్నబడుతుంది) మీద రూపం, 220 మీద ఉబ్బు సరిచెయ్యడం. అక్కడి దాకా బాగానే ఉంది. 600 దాటాక రాయిని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే ఉబ్బు నున్నగా లేదు, రేకు కప్పులా గాడులు పడి ఉంది. ఎర్ర చారలు ఎత్తుగా, మీగడ చారలు పల్లంగా. గోరు పెట్టి అడ్డంగా లాగితే టకటకమని తగులుతోంది. మా పనిలో దీన్నే అండర్‌కట్ అంటాం. మెత్తటి చోట ఎక్కువ అరిగి గట్టి చోట తక్కువ అరగడం.

ఇంకాస్త నున్నగా చేస్తే సర్దుకుంటుందని 1200 మీదికి పోయాను. అదీ తప్పే. మెత్తటి వీల్ పల్లంలోకి కూడా వంగి దూరుతుంది కాబట్టి గ్రిట్ సన్నబడే కొద్దీ అండర్‌కట్ పెరుగుతుందే గానీ తగ్గదు. చివర పాలిష్ పొడి సీరియం ఆక్సైడ్‌తో ఫెల్ట్ మీద పాలిష్ పెడితే ఎర్ర చారలు కొద్దిగా మెరిశాయి. మీగడ చారల్లోని సన్నని గుంటల నిండా ఆ పొడి కూరుకుపోయి, సుద్ద పూసినట్టు తెల్లగా తేలింది. పళ్ల బ్రష్షుతో ఎంత తోమినా రాలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ మర్నాడు పొద్దున కనపడింది. కోత అంచు నుంచి లోపలికి, మీగడ చారల వెంట, నూనె పాకింది. ఆ చారలు తడి గోడలా బూడిద రంగుకి తిరిగాయి. ఆ రెండు ముక్కలే కాదు, కొయ్యకుండా మిగిలిన పలక కూడా సగం దాకా అలాగే అయింది.

అప్పుడు ఆపాను. ఆవిడకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రెండోది ముట్టుకోలేదు కదా?” అని మాత్రం అడిగారు.

ముందే చెయ్యాల్సిన పరీక్ష

చివరి తునకని సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, డ్రాపర్‌తో ఒక్కో చార మీద ఒక్కో నీటి చుక్క వేశాను. ముదురు గోధుమ చార మీద చుక్క ముత్యంలా నిలబడింది, రెండు నిమిషాలైనా కదల్లేదు. పసుపు మీద మెల్లగా చదునైంది. మీగడ చార మీద పడ్డ చుక్క నేను గడియారం వైపు చూసి తల తిప్పేలోపే అంచులు జారి, 20 సెకన్లలో మాయమైంది. అక్కడ మిగిలింది ఒక తడి మచ్చ. ఆ మచ్చ కూడా గుండ్రంగా లేదు. చార వెంట పొడుగ్గా సాగింది.

తర్వాత తూకం. తునక నుంచి విరిచిన చిన్న ముక్క పొడిగా 41.2 గ్రాములు. ఒక రోజంతా నీళ్లలో ఉంచి, పైన తుడిచి తూస్తే 43.0. అంటే తన బరువులో 4 శాతానికి పైగా నీళ్లు తాగింది. నా దగ్గరున్న అసలు జాస్పర్ ముక్కకి ఇదే చేస్తే తూకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉక్కు సూదితో గీస్తే ఎర్ర చార మీద సూది లోహమే అంటుకుంది, మీగడ చార మీద మాత్రం గీత పడింది.

ఇది జాస్పర్ కాదు. జాస్పర్ అంటే అతి సన్నని క్వార్ట్జ్ కణాలు ఒకదానికొకటి బిగిసిన రాయి, గట్టిదనం చెప్పే మోస్ కొలతలో 7కి దగ్గరగా, చారకీ చారకీ పెద్ద తేడా లేకుండా ఉంటుంది. ఈ పలక రయొలైట్ కోవలోది, వ్యాపారంలో వండర్‌స్టోన్ అని పిలిచే రకం. అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని ఫాలన్ దగ్గర, యూటాలోని వెర్నన్ కొండల్లో దొరికేది ఈ రకానికి బాగా పేరున్న రాయి. ఆవిడ పలక ఎక్కడిదో చీటీలో లేదు కాబట్టి నేనూ రాయలేదు.

రయొలైట్ అనే పేరు 1860లో జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ ఫాన్ రిఖ్తోఫెన్ పెట్టింది. గ్రానైట్‌లో ఉండే సరుకే ఇందులోనూ ఉంటుంది, సిలికా పాలు ఎక్కువ. గ్రానైట్ లోతున నిదానంగా చల్లారితే ఇది పైకి ఉబికి గబగబా చల్లారింది. అదే లావా మరీ తొందరగా చల్లారి గాజైపోతే అబ్సిడియన్. ఆ గాజులో తెల్లని క్రిస్టోబలైట్ (ఒక రకం సిలికా స్ఫటికం) పువ్వులు పుడితే స్నోఫ్లేక్ అబ్సిడియన్. బూడిదగా ఎగిరి పడి, తన వేడికి తానే అతుక్కుంటే వెల్డెడ్ టఫ్. రాళ్ల మార్కెట్లో ఈ కుటుంబానికి “జాస్పర్” తోక తగిలించడం మామూలే. క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ హే నుంచి వచ్చే రెయిన్‌ఫారెస్ట్ జాస్పర్, మెక్సికో లెపర్డ్ స్కిన్ జాస్పర్ కూడా నిజానికి రయొలైట్లే. అయితే వాటిల్లో గట్టిగా ఉండి మంచి మెరుపు తీసుకునేవి చాలా ఉన్నాయి. కాబట్టి పేరు తప్పని తెలిసినంత మాత్రాన రాయి పనికిరానిదని కాదు.

ఇక చారల సంగతి. లావా పారేటప్పుడు సాగిన పొరలు వేరు, ఇవి వేరు. భూతద్దంలో చూస్తే ఈ పలకలో చారలు పాత పగుళ్లకి సమాంతరంగా వంపులు తిరిగి ఉన్నాయి. రాయి ఏర్పడ్డాక ఇనుము కలిసిన నీళ్లు పగుళ్లలోంచి రాయిలోని సన్నని గుల్లల్లోకి పాకి, మధ్యమధ్య ఆగి ఆగి ఇనుము ఆక్సైడ్‌ని వదిలిపెడితే ఇలాంటి వరసలు వస్తాయని సాధారణంగా ఇచ్చే వివరణ. పసుపు, గోధుమ రంగులు గోథైట్ అనే ఇనుము ఖనిజం వల్ల, ఎరుపు హెమటైట్ అనే మరో ఇనుము ఖనిజం వల్ల. ఇలాంటి వలయాలకి లీజెగాంగ్ వలయాలని పేరు. 1896లో రఫాయెల్ లీజెగాంగ్ అనే జర్మన్ రసాయనవేత్త పొటాషియం డైక్రోమేట్ కలిపిన జెలటిన్ పొర మీద వెండి నైట్రేట్ చుక్క వేసి, అది గుండ్రంగా పాకుతూ ఎడం ఎడంగా గీతలు గీయడం చూశాడు.

ఇది పుస్తకాల మాటలా కనిపిస్తుంది గానీ నా వీల్ మీద జరిగింది సరిగ్గా ఇదే. ఇనుము చేరిన చోట గుల్లలు పూడి రాయి గట్టిపడింది. చేరని చోట గుల్లగానే మిగిలింది. అంటే ఈ రాయిలో మనల్ని ఆకట్టుకునే రంగు తేడా, మనల్ని ఏడిపించే గట్టిదనం తేడా రెండూ ఒకటే. చార ఎంత ముచ్చటగా విడివిడిగా కనపడితే అంత అనుమానంగా చూడాలి.

రెండో పలక, కొత్త ప్లాన్

ఆవిడతో మళ్లీ కూర్చున్నాం. తునక మీద నీటి చుక్క ఆవిడ ఎదురుగానే వేసి చూపించాను. మూడు దార్లు చెప్పాను. ఒకటి, ఏమీ నింపకుండా 600 దగ్గర ఆపి మట్టు (మెరుపు లేని) ఫినిష్ ఇవ్వడం. రెండు, పల్చటి ఎపాక్సీ రెజిన్ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు) రాతి గుల్లల్లోకి ఎక్కించి తర్వాత పాలిష్ పెట్టడం. మూడు, పైన మందంగా రెజిన్ పూత పోసెయ్యడం. మూడోదాంట్లో అద్దం మెరుపు ఖాయం. కానీ ఆ మెరుపు రెజిన్‌ది, రాయిది కాదు. గీతలు పడుతుంది, ఎండ తగిలితే పసుపెక్కుతుంది. నేనైతే చెయ్యనని చెప్పేశాను. అడిగింది ఇవ్వడమే సర్వీస్ అనుకునేవాళ్లకి ఇది మొండితనంలా కనపడొచ్చు.

చివరికి కుదిరింది ఇది: ఉన్న ఒక్క పలకలో వలయాలున్న వైపు సగానికి పైగా అలాగే ఉంచి షోకేస్‌కి ఇవ్వడం, అవతలి వైపు నుంచి నాలుగు కాబ్‌లు తీయడం. కాబ్‌లకి ఎపాక్సీ, పలకకి మట్టు.

గీసే ముందు ఈసారి ఇంకో లెక్క చూశాను. పలక మీద టెంప్లేట్ పెట్టి చూసిన డిజైనే కాబ్‌లోనూ ఉంటుందనుకుంటాం. ఉండదు. ఉబ్బు తీసేటప్పుడు అంచుల దగ్గర 3 మి.మీ. దాకా రాయి పోతుంది. చార నిట్టనిలువుగా దిగి ఉంటే గీత ఉన్నచోటే ఉంటుంది. వాలుగా దిగితే జరుగుతుంది. ఎంత వాలో తెలుసుకోవడానికి పలకని తిప్పి, అదే చార వెనక వైపు ఎక్కడ తేలిందో కొలవాలి. ఒక చోట ముందు గీతకీ వెనక గీతకీ మధ్య 19 మి.మీ. జరుగుడు వచ్చింది. 7 మి.మీ. మందానికి అంటే దాదాపు 20 డిగ్రీల వాలు. అక్కడ అంచున 3 మి.మీ. అరగదీస్తే గీత 8 మి.మీ. పక్కకి పోతుంది. 30 మి.మీ. వెడల్పు రాయిలో 8 అంటే చిన్న విషయం కాదు. అదే 75 డిగ్రీలు దిగిన చోట జరుగుడు 1 మి.మీ. లోపే. తిన్నని చారలు కావాల్సిన మూడు కాబ్‌లు నిటారు చోట గీశాను. నాలుగోది కావాలనే వాలుగా ఉన్నచోట పెట్టాను. అక్కడ ఉబ్బు తీస్తే చారలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, కొండల మ్యాపులో ఎత్తు గీతల్లా వస్తాయని నా అంచనా.

రంపంలో నూనె తీసేసి, శుభ్రంగా కడిగి, నీళ్లు పోసి కోశాను. పని అవగానే బ్లేడు ఆరబెట్టకపోతే తుప్పు పడుతుంది, అంతే ఇబ్బంది. మూడు ముక్కలు సాఫీగా వచ్చాయి. ఆశ పెట్టుకున్న నాలుగోది, సగం కోతలో ఉండగా, పాత పగులొకటి తెరుచుకుని టప్పున రెండైంది. పగులు ఎర్ర చార పక్కనే అతుక్కుని ఉండటంతో భూతద్దంలో కూడా చారలో భాగంలాగే కనిపించింది. పెద్ద ముక్కలోంచి 25×18 సైజు ఒకటి వచ్చింది.

నాలుగింటినీ 220 దాకా ఆకారం తెచ్చి, సబ్బుతో తోమి, ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాను. వేడి మెల్లగా పెంచాలి, తడి రాయిని తొందరపెడితే బీటలిస్తుంది. పొద్దున తూకం నిలకడగా ఉందని రెండుసార్లు చూసుకున్నాకే ఎపాక్సీ కలిపాను. నిదానంగా గట్టిపడే, నీళ్లలా పల్చగా ఉండే రకం, రెండు భాగాలూ తూకం వేసి.

గోరువెచ్చని రాళ్లని ఎపాక్సీలో ముంచి, వాక్యూమ్ జాడీలో పెట్టి గాలి లాగితే బుడగలు రావడం మొదలైంది. అన్ని చోట్ల నుంచీ కాదు. మీగడ చారల నుంచి మాత్రమే, వరసలు కట్టి, సూది మొనంత బుడగలు. ఎర్ర చారల దగ్గర ఒక్కటీ లేదు. పలక మీద కళ్లతో చూసిన డిజైన్ మొత్తం జాడీలో బుడగలతో మళ్లీ గీసినట్టుంది. అరగంటకి బుడగలు పల్చబడ్డాయి. గాలి వదిలితే ఆ ఒత్తిడికి ఎపాక్సీ లోపలికి దిగుతుంది. బయటికి తీసి, పైన మిగిలింది తుడిచి, మూడు రోజులు వాటి జోలికి పోలేదు.

పాలిష్‌లో మార్చినవి

ఎపాక్సీ ఎంత లోతుకి దిగిందో బయటికి కనపడదు, కాబట్టి మళ్లీ రూపం మార్చే పని పెట్టుకోకూడదు. 280 నుంచి మొదలుపెట్టాను. రాయిని పట్టుకోవడానికి వాడే డాప్ కర్రకి అంటించడానికి లక్క వేడి చెయ్యలేదు. ఆ వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది. రాయి వీపుకి కాగితం టేపు అంటించి, దాని మీద సూపర్ గ్లూతో కర్ర నిలబెట్టాను. పని అయ్యాక టేపు పీకేస్తే సరి.

280 దగ్గర ఎక్కువసేపు ఉన్నాను, మామూలుగా ఉండేదానికి రెండింతలు. పల్లాలన్నీ అక్కడే చదును కావాలి. 600, 1200 మీద చెయ్యి తేలిక, నీళ్లు ధారాళం. 3000 గ్రిట్ డైమండ్ తర్వాత, తడి తోలు మీద 0.3 మైక్రాన్ అల్యూమినియం ఆక్సైడ్. సీరియం, ఫెల్ట్ రెండూ పక్కన పెట్టాను. ఫెల్ట్ వేడెక్కితే ఎపాక్సీ చారలు జిగురుగా సాగుతాయి.

నీళ్ల మాట ఎత్తాను కాబట్టి ఒక మాట. ఈ రాళ్ల దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, చాలాసార్లు క్రిస్టోబలైట్ కూడా. స్ఫటిక సిలికా దుమ్ము పీల్చడం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 1997లోనే గ్రూప్ 1లో (మనుషుల్లో క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో) చేర్చింది, ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ సంగతి సరేసరి. పొడిగా ఒక్క నిమిషం కూడా రుద్దకండి. చాలామంది మర్చిపోయేది ఆరిన బురద. వీల్ చుట్టూ ఎండిన బురదని పొడి చీపురుతో ఊడిస్తే తడి పని చేసిన ఫలితమంతా పోతుంది. తడి గుడ్డతో తీయాలి.

ఫలితం

నింపిన కాబ్‌ల మీద నీటి చుక్క మీగడ చార దగ్గర కూడా నిలబడింది. గోరు లాగితే టకటకలు లేవు. ఎర్ర, గోధుమ చారల్లో కిటికీ చట్రం స్పష్టంగా కనపడుతుంది. మీగడ చారలోకి వచ్చేసరికి ఆ చట్రం అంచు కాస్త మసక. అద్దం కాదు, పట్టు మెరుపు అనొచ్చు. ఎపాక్సీ వల్ల మీగడ రంగు ఒక ఛాయ ముదిరింది. ఇది ముందే ఆవిడకి చెప్పి, తునక మీద చేసి చూపించాను కాబట్టి గొడవ రాలేదు. చిన్న కాబ్‌లో ఎత్తు గీతలు అనుకున్నట్టే వచ్చాయి. నాలుగింటిలో నాకు నచ్చింది అదే.

షోకేస్ పలకకి రెజిన్ ముట్టించలేదు. చదునుగా తిరిగే అరగదీత పళ్లెం (ల్యాప్) మీద 600 దాకా తెచ్చి ఆపాను. చేత్తో తడిమితే మెత్తటి గుడ్డలా ఉంటుంది, రంగులు పొడిగా, నిజంగా కొండ మీద చూసినట్టు.

ఆవిడ పది రెట్ల భూతద్దం తీసి ఒక్కో కాబ్‌నీ తిప్పి తిప్పి చూశారు. “మొహం కనపడట్లేదండీ” అన్నారు. కనపడదన్నాను. పలకని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మరీ ఎక్కువసేపు చూశారు, ఆ తర్వాత మెరుపు ఊసెత్తలేదు.

మొదటి పలకని కాపాడదామని చూశాను. వేడి సబ్బునీళ్లు, తర్వాత నూనె పీల్చే బంకమట్టి పొడిలో మూడు వారాలు పూడ్చిపెట్టడం. నూనె చాలా వరకు లాగింది, కానీ మచ్చ నీడ పోలేదు. నూనె మిగిలిన గుల్లల్లో ఎపాక్సీ సరిగ్గా అతుక్కోదు కాబట్టి అది కూడా ప్రయత్నించలేదు. ఆవిడ దాన్ని నాకే వదిలేశారు.

కాబ్‌లతో పాటు ఇచ్చిన చీటీలో ఇలా రాశాను: “చారల రయొలైట్, వండర్‌స్టోన్ రకం. గుల్లల్లో ఎపాక్సీ నింపి గట్టిపరిచినది. పుట్టిన చోటు తెలియదు. వేడి, అల్ట్రాసోనిక్ క్లీనర్, అసిటోన్ తగలనివ్వకూడదు.” పలక చీటీలో ఎపాక్సీ మాట తీసేసి, నూనె చేతులతో ముట్టుకోవద్దని చేర్చాను. పాత “పిక్చర్ జాస్పర్” చీటీని పారెయ్యమంటే ఆవిడ పారెయ్యలేదు, మడిచి కొత్త చీటీ వెనకే పెట్టుకున్నారు.

ఆరు నెలల తర్వాత ఒక కాబ్ వెనక్కి వచ్చింది. అంచు దగ్గర, మీగడ చార వెంట, వెంట్రుకంత గీత. లాకెట్ బిగించేటప్పుడు పడ్డ ఒత్తిడో, ఎపాక్సీ అంత లోపలికి దిగలేదో తేల్చలేకపోయాను. 1200 మీద తేలిగ్గా తిప్పి, మళ్లీ తోలు పట్టించి పంపాను. ఇప్పుడైతే అలాంటి రాయికి అంచు 2 మి.మీ. బదులు 3 మి.మీ. ఉంచుతున్నాను.